పరదా మీది సమందర్

నేను సమందర్‌ను మొదటిసారి చూసింది యూసుఫ్‌గూడలో. నవ్వకండి, సచ్ చెబుతున్నా.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మా మామూ, అంటే అమ్మీకి పెద్దన్న, సినిమా స్టూడియోల్లో పరదాలు వేసే పెయింటర్. ఒక జుమా రోజు నమాజ్ అయ్యాక ఆయనకు టిఫిన్ డబ్బా ఇచ్చి రమ్మని అమ్మీ నన్ను పంపింది. రేకుల షెడ్డులో నేల మీద పెద్ద గుడ్డ పరిచి ఉంది. మామూ లుంగీ పైకి కట్టి, పొడుగాటి కర్రకు కట్టిన కుంచెతో ఆ గుడ్డ మీద నడుస్తూ నీలం పూస్తున్నాడు. పక్కన బకెట్లలో సుద్ద, నీలం పొడి, వేడి చేసిన సరేసు. ఆ సరేసు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. సాయంత్రానికి గుడ్డకు తాళ్లు కట్టి పైకి లాగారు. ముందు ఇసుక పోశారు, ఒక పాత పడవ తెచ్చి పెట్టారు, లైట్లు వేశారు. అంతే, సమందర్!

"క్యా రే, కైసా హై?" అన్నాడు మామూ. నాకు నోట మాట రాలేదు. ఆ నీళ్లలో కాలు పెడదామని ముందుకు పోతే లైట్‌బాయ్ ఒకతను కాలర్ పట్టుకుని వెనక్కి లాగాడు.

తమాషా ఏమిటంటే, అప్పటికి మామూ కూడా సమందర్ చూడలేదు. క్యాలెండర్ బొమ్మలు చూసి వేసేవాడు. చాలా ఏళ్ల తర్వాత ఏదో షూటింగ్‌కు విశాఖపట్నం పోయి, అసలు సమందర్ ముందు నిలబడి, "మైలా హై రే, మేరా వాలా సాఫ్ థా" అన్నాడట. ఈ మాట మా ఖాన్‌దాన్‌లో ఇప్పటికీ దస్తర్‌ఖాన్ మీద నవ్వు పుట్టిస్తుంది.

తెలుగు సినిమా మద్రాసులో ఉన్నన్ని రోజులు సమందర్‌కు కొదవ లేదు. స్టూడియో నుంచి మెరీనాకు కారులో పోయి, పాట తీసుకుని, మధ్యాహ్నం భోజనానికి వచ్చేయొచ్చు. హైదరాబాద్ అలా కాదు. ఇక్కడి నుంచి తీరం మూడు వందల కిలోమీటర్ల దూరం. 1956లో అమీర్‌పేట నుంచి యూసుఫ్‌గూడ వచ్చే దారిలో సారథి స్టూడియోస్ మొదలైంది. దాన్ని కట్టినవాళ్లు చల్లపల్లి జమీందారీ కుటుంబం. చల్లపల్లి ఎక్కడుంది? బందరుకు దగ్గర, కృష్ణా నది సమందర్‌లో కలిసే దివిసీమ పక్కన. సమందర్ పక్క మనుషులు వచ్చి, సమందర్ లేని షహర్‌లో సినిమా స్టూడియో పెట్టారన్నమాట. తర్వాత జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వచ్చాయి. వాటికి కింద ఉన్న యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ గల్లీల్లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, వడ్రంగులు, దర్జీలు, పెయింటర్లు కాపురం పెట్టారు. వాళ్లలో మా మామూ ఒకడు.

ఇదంతా నాకు మళ్లీ యాదికి వచ్చింది యూరప్‌లో.

మా చెల్లెలు, బహనోయీ హాలెండ్‌లో డెల్ఫ్ట్ అనే ఊళ్లో ఉంటారు. వాళ్లను చూడటానికి వెళ్లినప్పుడు నా భాంజీ నన్ను పక్కనే ఉన్న డెన్ హాగ్‌కు తీసుకుపోయింది. మనం పాఠ్యపుస్తకాల్లో 'ది హేగ్' అని చదివిన ఊరు అదే, అంతర్జాతీయ న్యాయస్థానం ఉన్నచోటు. భాంజీకి తొమ్మిదేళ్లు. బడి వాళ్లతో ఒకసారి అక్కడ చూసొచ్చిన దాన్ని మామూకు చూపించాలని దాని జిద్. ఆ వీధి పేరు జేస్ట్రాట్, అంటే సముద్రపు వీధి. ఆ మ్యూజియం పేరు పనోరమా మెస్‌డాగ్.

బయటినుంచి చూస్తే మామూలు పాత భవనం. లోపల కొన్ని గదుల్లో ఫ్రేములు కట్టిన బొమ్మలు. తర్వాత ఒక ఇరుకు చీకటి దారి. అందులోంచి పోయి మెట్లెక్కి పైకి వస్తే, మీరు ఒక ఇసుక దిబ్బ మీద ఉంటారు. చుట్టూ, నాలుగు దిక్కులా, స్కేవెనింగెన్ అనే బెస్తల ఊరు. ఒకవైపు సమందర్, ఒడ్డుకు లాగిన పడవలు. ఇసుక మీద గుర్రాల ఫౌజ్ కసరత్తు. ఇంకోవైపు లైట్‌హౌస్, ఊరి ఇళ్ల కప్పులు, చర్చి. దూరంగా డెన్ హాగ్ మినార్లు. ఎటు తిరిగినా అంచు దొరకదు.

నా చెయ్యి పట్టుకున్న భాంజీ నా మొహంలోకి చూస్తోంది. మామూ పడిపోయాడా లేదా అని. పడిపోయాను బేటీ, అదే షెడ్డులో ఎనిమిదేళ్ల పిల్లాడిలాగే.

ఆ బొమ్మ ఎత్తు 14 మీటర్లు. చుట్టుకొలత సుమారు 120 మీటర్లు. 1881లో వేశారు. కరామత్ ఏమీ కాదు, హునర్. మనం నిలబడే మంటపానికి పైన గొడుగులాంటి కప్పు కట్టారు. అది బొమ్మ పై అంచును కళ్లకు కనబడనివ్వదు. కింది అంచును అసలు ఇసుక కప్పేసింది. ఆ ఇసుక మీద వలలు, చెక్క చెప్పు లాంటి నిజమైన సామాన్లు పడేశారు. ఇసుక ఎక్కడ ఆగిందో, రంగు ఎక్కడ మొదలైందో కన్ను పట్టుకోలేదు. వెలుతురు పైకప్పు అద్దాల్లోంచి వస్తుంది గానీ ఎక్కడినుంచి వస్తోందో మనకు తెలియదు. బయట మబ్బు పడితే బొమ్మలోని సమందర్ కూడా నల్లబడుతుంది. ఇక చీకటి దారి ఎందుకంటే, వీధిలోని వెలుగును మన కళ్లు మరిచిపోవడానికి. మామూ ముందు ఇసుక పోయించి పాత పడవ పెట్టించింది కూడా ఇందుకే. ఆయనకు ఈ మెస్‌డాగ్ పేరు కూడా తెలియదు. కారీగర్లు ఒకరినొకరు చూడకుండానే ఒకే కిటుకు కనిపెడతారు.

హెండ్రిక్ విల్లెమ్ మెస్‌డాగ్ 1831లో పుట్టాడు. బ్యాంకు వ్యాపారం చేసే కుటుంబం. ముప్పై అయిదేళ్ల వయసులో బ్యాంకు వదిలేసి బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. సమందర్ పక్కన ఉండాలని 1869లో డెన్ హాగ్‌కు మకాం మార్చాడు. బెల్జియం కంపెనీ ఒకటి ఈ పనోరమా వేయమని అడిగితే, స్కేవెనింగెన్‌లోని ఎత్తయిన ఇసుక దిబ్బ ఎక్కి, తన చుట్టూ గాజు సిలిండర్ ఒకటి పెట్టుకుని, కనిపించిన ప్రతి గీతనూ ఆ గాజు మీద గీసుకున్నాడు. దాన్నే పెద్దది చేసి గుడ్డకెక్కించారు. ఒక్కడి పని కాదు. భార్య సియెంట్యే, తెయోఫిల్ ద బాక్, బ్రైట్నర్, బ్లొమ్మర్స్ అనే పెయింటర్లు కలిసి నాలుగు నెలల్లో ముగించారు. ఇసుక మీద తెల్ల గొడుగు కింద కూర్చుని బొమ్మ వేసుకుంటున్న ఒక ఆడమనిషి కనిపిస్తుంది, ఆవిడే సియెంట్యే. ఆ ఏడాది ఆగస్టులో దీన్ని చూసిన వాన్ గో తమ్ముడికి రాసిన ఖత్‌లో దీన్ని చాలా మెచ్చుకున్నాడు. అప్పటికి ఆ పేరు ఎవరికీ తెలియదు.

"అసలు సముద్రం ఇంత దగ్గరగా ఉంటే బొమ్మ ఎందుకు వేశారు మామూ?" అని అడిగింది భాంజీ.

సవాల్ అంటే ఇది. అసలు బీచ్ అక్కడికి రెండు మూడు కిలోమీటర్లే. దాని జవాబు తారీఖ్‌లో ఉంది. మెస్‌డాగ్ ఎక్కిన ఆ దిబ్బను చదును చేసి, అక్కడ హోటల్ కట్టాలని అప్పటికే నిర్ణయం జరిగిపోయింది. బెస్తల ఊరు షికారు ఊరిగా మారుతోంది. ఆ దిబ్బ పోతే ఆ చూపు కూడా పోతుంది. అందుకే గుడ్డ మీదికి ఎత్తుకున్నారు. ఇవాళ స్కేవెనింగెన్ వెళ్తే ఆ దిబ్బ లేదు. అది ఉన్నది ఈ గుండ్రటి గదిలోనే.

కంపెనీ మాత్రం నిలవలేదు. 1886లో దివాలా తీసింది. అప్పుడు మెస్‌డాగే తన సొంత పైసలతో బొమ్మను, భవనాన్ని కొనేశాడు. నష్టమైనా నడిపాడు. ఆయన 1915లో పోయాడు. బొమ్మ వేసినచోటే, అదే భవనంలో ఇప్పటికీ ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో యూరప్ షహర్లలో ఇలాంటి పనోరమాలు ఎన్నో ఉండేవి. కాలిపోయాయి, ముక్కలైపోయాయి, సినిమా వచ్చాక జనం మరిచిపోయారు. మొదట పెట్టినచోటే ఉన్నవాటిలో ఇదే పాతది.

ఆ మంటపం మీద నిలబడి ఉండగా నాకు ఇంకో పనోరమా గుర్తొచ్చింది. అదిప్పుడు లేదు. కానీ మనకు సంబంధించింది.

ఈ ఖేల్ కనిపెట్టింది రాబర్ట్ బార్కర్ అనే పెయింటర్, 1787లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. 1793లో లండన్ లెస్టర్ స్క్వేర్‌లో దీనికోసమే గుండ్రటి భవనం కట్టాడు. అందులో మొదట చూపించింది కూడా సమందరే, దాని మీద ఇంగ్లీషు జంగీ జహాజులు. ఆ తర్వాత ఏడేళ్లకు, 1800లో, లండన్ లైసియంలో రాబర్ట్ కెర్ పోర్టర్ అనే ఇరవైల్లో ఉన్న కుర్రవాడు సుమారు 120 అడుగుల పొడవున వంపు తిరిగిన ఒక బొమ్మ పెట్టాడు. దాని విషయం శ్రీరంగపట్నం కోట పతనం. టిప్పు సుల్తాన్ షహాదత్ 1799 మే 4న. ఏడాది తిరక్కుండానే అది లండన్‌లో టికెట్ తమాషా అయిపోయింది. వేసినవాడు హిందుస్తాన్ ముఖం కూడా చూడలేదు. మా మామూ చూడని సమందర్ వేసినట్టే ఆయన చూడని జంగ్ వేశాడు. తేడా ఏమిటంటే, మామూ వేసింది చూసి ఎవరి మీదా ఎవరికీ నఫ్రత్ పుట్టలేదు.

పనోరమాలో ఫ్రేము ఉండదు, అందుకే చూసేవాడు బొమ్మ లోపల నిలబడతాడు. కానీ ఎక్కడ నిలబడాలో వాడు తేల్చుకోడు, బొమ్మ వేసినవాడు తేలుస్తాడు. లండన్ జనం కోట గోడ ఎక్కుతున్న ఫౌజ్ పక్కన నిలబడ్డారు. టిప్పు పక్కన కాదు. ఇస్తాంబుల్‌లో 2009లో తెరిచిన పనోరమా 1453 మ్యూజియంలో చూసేవాడు సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్ ఫౌజ్ నడుమ నిలబడతాడు. మనసుకు నచ్చుతుంది, నిజమే. కానీ అక్కడా జగా ముందే తేలిపోయింది.

మన హైదరాబాదీలకు చేదుగా ఉండే మాట కూడా చెప్పుకోవాలి. శ్రీరంగపట్నం ముందు ఇంగ్లీషువాళ్లతో పాటు నిజాం ఫౌజ్ కూడా ఉంది. దాని సర్దార్ మీర్ ఆలం. తర్వాత దీవాన్ అయి ఆయన కట్టించిన తాలాబ్ పక్కనే ఇవాళ మన జూ పార్కు ఉంది. పిల్లల్ని తీసుకుని మనం ఈద్ మరుసటి రోజు పోతుంటాం. కెర్ పోర్టర్ బొమ్మలో టిప్పు పక్కన నిలబడే హక్ మనకు సులువుగా దొరకదు.

మరి సమందర్ విషయంలో మనం ఎక్కడ నిలబడ్డాం? హైదరాబాద్‌కు సమందర్ లేదని ఊరికే అనుకుంటాం గానీ, ఒకప్పుడు ఉండేది. ఈ షహర్‌ను కట్టిన ఖుత్బ్‌షాహీల బందర్‌గాహ్ మచిలీపట్నం. 'బందరు' అనే పేరే ఫార్సీ మాట. అక్కడినుంచి జహాజులు ఈరాన్ వైపు, ఎర్ర సముద్రం వైపు, ఇటు అరకాన్, పెగూ, ఆచే వైపు పోయేవి. హజ్‌కు పోయేవాళ్లూ ఆ దారినే పట్టేవారు. కలంకారీ, నీలిమందు, ఉక్కు, వజ్రాలు ఇక్కడినుంచి పోతే, ఈరాన్ నుంచి ఆలిములు, షాయర్లు, సౌదాగర్లు, గుర్రాలు వచ్చేవి. బందరులో కూడా స్కేవెనింగెన్ లాగే పెద్ద జహాజులు ఒడ్డుకు రాలేవు. దూరంగా లంగరు వేస్తే, మసూలా పడవలు అలలు దాటి సామాను మోసేవి. ఆ పడవలకు మేకులు ఉండవు, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. మెస్‌డాగ్ బొమ్మలో ఒడ్డుకు లాగిన, అడుగు చదునుగా ఉన్న పడవలను చూస్తుంటే నాకు ఇవే కళ్లముందు మెదిలాయి. స్కేవెనింగెన్‌కు హార్బరు 1904లో గానీ రాలేదు.

ఈ రెండు ఒడ్లకూ ఉన్న రిష్తా ఇంతటితో అయిపోలేదు. 1602లో పుట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీ జహాజు 1605లోనే బందరు చేరింది. మరుసటి ఏడాది ముహమ్మద్ కులీ ఖుత్బ్‌షా ఇజాజత్‌తో అక్కడ కోఠీ పెట్టుకుంది. ఇంగ్లీషువాళ్లు వచ్చింది 1611లో. డచ్‌వాళ్లు ఇవాళ్టి ఖమ్మం జిల్లా నాగులవంచ దాకా వచ్చి కోఠీ కట్టారు. వాళ్ల నౌకర్లలో డానియల్ హావార్ట్ అని ఒకడు బందరు, గోల్కొండ ప్రాంతంలో చాలా ఏళ్లు ఉన్నాడు. తానాషా, అక్కన్న మాదన్నల కాలం అది. ఇక్కడే ఫార్సీ నేర్చాడు. వెనక్కి పోయి 1688లో షేక్ సాదీ బోస్తాన్‌ను డచ్‌లోకి తెచ్చాడు, 1693లో కోరమాండల్ తీరం మీద పెద్ద కితాబ్ రాశాడు. ఉర్దూ మీడియంలో చదివి, సాదీ హికాయతులు బట్టీ పట్టిన నాకు ఇది తెలిసినప్పుడు హైరత్ అనిపించింది. సాదీ మన బందరు మీదుగా కూడా హాలెండ్ చేరాడు!

అయితే దోస్తీ కథ మాత్రమే చెబితే బేయీమానీ అవుతుంది. ఆ కంపెనీవాళ్లు ఈ తీరం నుంచి గుడ్డలతో పాటు మనుషుల్ని కూడా కొన్నారు. కరువు వచ్చిన ఏళ్లలో గులాముల్ని జహాజుల్లో నింపి బటావియాకు తీసుకుపోయారు.

మనం సమందర్ పోగొట్టుకున్న తీరు చాలా ఖామోష్‌గా జరిగింది. 1759లో కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి బందరు కోటను పట్టుకున్నాడు. సలాబత్ జంగ్ ఆ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు. 1766 ఒప్పందంతో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కార్లను ఏటా కొంత సొమ్ముకు వాళ్ల చేతిలో పెట్టాడు. 1823లో ఆ బాకీ కూడా ఒకేసారి తీర్చేసి పూర్తిగా కొనేసుకున్నారు. అప్పటినుంచి ఆసఫ్‌జాహీ సల్తనత్‌కు కాలు తడుపుకోవడానికి ఒక గజం సమందర్ కూడా లేదు. ఆ చివరి రోజుల్లో, 1947 తర్వాత, ఏడో నిజాం మనుషులు గోవాలోని మర్మగోవా బందర్‌గాహ్ కోసం పోర్చుగీసువాళ్ల చుట్టూ తిరిగారు. అప్పటికి చాలా ఆలస్యమైపోయింది.

బందరుకూ మంచి రోజులు మిగల్లేదు. 1864 నవంబరు 1 రాత్రి తుఫాను ఉప్పెన వచ్చి సుమారు 30,000 మంది చనిపోయారు. రిపోర్టర్‌గా పదిహేనేళ్ల కింద నేను అక్కడికి పోయాను. డచ్‌వాళ్ల ఖబరస్తాన్ చూశాను, రాళ్ల మీద వాళ్ల ఖాన్‌దాన్ ముద్రలు చెక్కి ఉన్నాయి. వాళ్ల పేర్లు రాళ్ల మీద ఉన్నాయి. వాళ్లకు గుడ్డ నేసిన పద్మశాలి పేరు, అద్దకం వేసినవాడి పేరు, పడవ తోసిన బెస్త పేరు ఏ రాయి మీదా లేదు.

ఆ పేర్లలో కొన్ని ఎక్కడున్నాయో తెలుసా? డెన్ హాగ్‌లోనే. పనోరమా నుంచి కాస్త దూరంలో, సెంట్రల్ రైల్వే స్టేషన్ పక్కన, హాలెండ్ నేషనల్ ఆర్కైవ్స్ ఉంది. డచ్ కంపెనీ దస్తావేజులు అక్కడే ఉన్నాయి. అలమారల్లో వరసగా పేరిస్తే కిలోమీటరు దాటుతాయి. 2003లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. బందరు నుంచి పోయిన ఖత్‌లు, గుడ్డల లెక్కలు, దలాలీల పేర్లు, దర్బార్ కబుర్లు అందులో ఉన్నాయి. ఖుత్బ్‌షాహీల బందర్‌గాహ్ గురించి ఇవాళ ఎవరైనా కితాబ్ రాయాలంటే ఆ కాగితాలు చూడక తప్పదు.

కానీ ఆ కాగితాల్లో మనం నిలబడేది ఎక్కడ? కోఠీ కిటికీలోంచి. సౌదాగర్ కన్నుతో. మన నేతగాడు అందులో బాకీదారుగా కనిపిస్తాడు, గులాం తలల లెక్కగా కనిపిస్తాడు. వాళ్లు దాచుకున్నారు కాబట్టి ఆ మాత్రమైనా ఉంది, అందుకు శుక్రియా చెప్పాలి. కానీ మన దిబ్బ ఎక్కి మన చుట్టూ గాజు పెట్టుకుని గీసుకున్న గీతలు మన దగ్గర ఏవి?

మామూ వేసిన పరదాల్లో ఒక్కటీ లేదు. షూటింగ్ అయిపోగానే దాని మీద తెల్ల సుద్ద కొట్టి ఇంకోటి వేసేవారు. సమందర్ మీద అడవి, అడవి మీద జైలు గోడ, దాని మీద మళ్లీ మబ్బులు. తర్వాత ప్రింటు ఫ్లెక్సీలు వచ్చాయి, ఇప్పుడు పచ్చ గుడ్డ కట్టి కంప్యూటర్‌లో సమందర్ పెడుతున్నారు. టైటిల్స్‌లో ఆయన పేరు ఎప్పుడూ పడలేదు. ఇంతిఖాల్ అయ్యాక ఇంట్లో వెతికితే ఆయన వేసిన పరదా ముందు దిగిన ఫోటో కూడా దొరకలేదు. మెస్‌డాగ్ బ్యాంకరు కాబట్టి తన బొమ్మను తనే కొనుక్కున్నాడు. మామూ దగ్గర పైసలు ఎక్కడివి? నేనైనా, చదువుకున్నవాణ్ణి, పత్రికలో పనిచేసేవాణ్ణి, ఆయన బతికుండగా ఎదురుగా కూర్చుని ఒక గంట మాట్లాడించి రాసుకోలేదు. ఊరందరి ఇంటర్వ్యూలు చేశాను. ఈ కుసూర్ నాదే.

అందుకే ఒక గుజారిష్. మీ దాదీ బందరు నుంచో, చీరాల నుంచో, భీమిలి నుంచో వచ్చి ఉంటే అడగండి. మీ చాచా స్టూడియోలో మేకప్ చేసి ఉంటే, కత్తియుద్ధాలకు గుర్రం నడిపి ఉంటే, బానర్లు రాసి ఉంటే అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి, పాత నోటుబుక్కులో రాయండి, వెనక తారీఖు వేసి ఫోటో తీయండి. తెలుగులోనో, ఉర్దూలోనో, మన ఇంటి దక్కనీలోనో. పెద్ద హిస్టరీ కానక్కర్లేదు.

పనోరమా చూశాక అసలు బీచ్‌కు పోయాం. ట్రామ్‌లో భాంజీకి మా మామూ కథంతా చెప్పాను, షెడ్డు, సరేసు వాసన, క్యాలెండర్ బొమ్మలు, విశాఖపట్నంలో ఆయన అన్న మాట. స్కేవెనింగెన్‌లో చలిగాలి కొడుతోంది. బూడిద రంగు నీళ్లు. భాంజీ బూట్లు విప్పి చేతిలో పట్టుకుని, కాసేపు ఆ అలల్ని గంభీరంగా పరిశీలించింది.

"ఇది కూడా మైలానే మామూ" అంది.